నాలుగోది గద్ద

పోయిన ఆదివారం మా చిన్నాయన మనవడు జమ్మలమడుగు నుంచి వచ్చాడు. బ్యాంకులో ఉద్యోగం, పెళ్లి ఇంకా కాలేదు, కెమెరా పిచ్చి మాత్రం గట్టిగా పట్టుకుంది. బెంగళూరు పక్కన యలహంకలో విమానాల ప్రదర్శన చూడబోతున్నాడట, విమానాలు తీయడానికి ఏ లెన్స్ కొంటే మంచిదో పెదనాయనను అడిగి కొందామని వచ్చాడట. కాఫీ తాగేలోపలే తెలిసిపోయింది, కొనేదేదో వాడు ముందే తేల్చుకున్నాడని. నా చేత ఊఁ అనిపించుకుంటే ఇంట్లో వాళ్ల నాయన దగ్గర నా పేరు చెప్పుకోవచ్చు, అంతే. అయినా అడిగాడు కాబట్టి చెప్పాను. అడిగిన తర్వాత చెప్పకుండా ఉండగలిగే గుణం మా ఫోటోగ్రాఫర్లకు దేవుడు ఇవ్వలేదు.

లెన్స్ మీద అంకె పెరిగేకొద్దీ దూరం దగ్గరవుతుంది, కాని కనపడే ఆకాశం ఇరుకవుతుంది. నాలుగు వందలకు తక్కువైతే జెట్ విమానం దోమంత పడుతుంది; ఆరువందలు పెట్టుకుంటే నిండుగా పడుతుంది గాని, దాన్ని వ్యూఫైండర్‌లో వెతికి పట్టుకునేలోపల అది పక్క జిల్లాకు పోయి ఉంటుంది. ఎండ వీపు మీద పడేటట్టు నిలబడాలి. మధ్యాహ్నమైతే రన్‌వే మీద గాలి సెగకు వణుకుతుంది, ఆ పూట ఎంత గొప్ప లెన్స్ అయినా నీళ్లలోంచి చూసి తీసినట్టే వస్తుంది. జెట్‌కు షట్టర్ వేగం పెంచుకోవాలి, హెలికాప్టర్‌కు తగ్గించుకోవాలి, లేదంటే పైన తిరిగే రెక్క కదలకుండా పడి, చూసేవాళ్లకు అది ఇంకాసేపట్లో కింద పడిపోతుందేమో అనిపిస్తుంది. ఇవన్నీ చెప్పాను. వాడు అన్నిటికీ తల ఊపి, నువ్వు యలహంకకు పోయిన రోజు ఏ లెన్స్ వాడినావు పెదనాయనా అని అడిగి, నా కుర్చీ వెనకాల గోడకు తగిలించిన చిన్న ఫోటో వైపు చూసి, దీంట్లో ఏముంది, ఏమీ కనపడటం లేదే అన్నాడు. వాడు బస్సెక్కి వెళ్లిపోయినా ఆ మాట మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

నా తరం వాళ్లకు చెప్తే అర్థమవుతుందని రాస్తున్నాను. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్లున్న వీధికి రెండు సందుల అవతల నాకొక స్టుడియో ఉండేది. రీలు కాలంలో మొదలుపెట్టి, మెమరీ కార్డుల కాలం దాకా పెళ్లిళ్లు తీశాను. మా ఊరి పెళ్లి ఫోటోకు కొన్ని కట్టుబాట్లు ఉండేవి. మనిషి తల నుంచి పాదం దాకా పడాలి. పాదాలు తెగితే పెద్దవాళ్లు ఆల్బం మూసేసేవాళ్లు. పెళ్లికూతురి మొహంలో నవ్వు పడకపోయినా చెల్లుతుంది, నడుము మీద వడ్డాణం పడకపోతే మాత్రం మాట పడాల్సిందే. అన్నిటికంటే పెద్ద కట్టుబాటు మూడు. ముగ్గురు మనుషులు ఒక ఫోటోలో ఉండకూడదు, ఉంటే వాళ్లలో ఎవరికో ఒకరికి మంచిది కాదని నమ్మకం. ముగ్గురు అక్కాచెల్లెళ్లు ముచ్చటపడి వచ్చి నిలబడితే, నాలుగో మనిషి కోసం వంటవాళ్లనైనా సరే పిలుచుకొచ్చి పక్కన నిలబెట్టేవాణ్ణి. అట్లా నా కెమెరాలో నాలుగో మనిషిగా పడిన వంటాయన ఒకడు, ఊళ్లో సగం ఇళ్ల ఆల్బమ్‌లలో గరిటెతో ఉంటాడు. నాకు ఆ నమ్మకం ఉందా లేదా అని నేనెప్పుడూ ఆలోచించలేదు. వేలికి అలవాటైపోయింది, మూడు కనపడితే వేలు ఆగిపోయేది.

మా అక్కను పులివెందుల పక్క, వేముల దగ్గర పల్లెకు ఇచ్చారు. చీనీ తోట, అదే బత్తాయి, రెండు బర్రెలు, గంపెడు కోళ్లు. బావ కాలం చేసినాక ఆమె ఒక్కతే తోటను నిలబెట్టింది. బోరు మోటరు విప్పేవాడితో సమానంగా నిలబడి పోట్లాడేది. ఆమెకు ఒక్కడే కొడుకు, నా మేనల్లుడు. చదువు అయిపోగానే తోట తన చేతిలోకి తీసుకుంటాడని ఆమె లెక్క. వాడి లెక్క వేరే. కడపకు పోయొస్తా అని చెప్పి, వాయుసేన పరీక్షలకు పోయాడు. అమ్మకు చెబితే కాళ్లకు అడ్డం పడుతుందని వాడి భయం. సంగతి ఆమెకు రేషన్ అంగడి దగ్గర ఎవరో చెప్పారు. కొడుకు ఉద్యోగానికి పోయినందుకు ఆమె అంత బాధపడలేదు, ఊళ్లో అందరి తర్వాత తనకు తెలిసినందుకు మండిపడింది. దరఖాస్తుకు పెట్టిన ఫోటో నా స్టుడియోలో తీసిందే కాబట్టి ఆ మంటలో సగం నాకూ పంచింది.

“నీ ఫోటోతోనే గదరా పోయినాడు,” అనింది నాతో. పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు ఎందుకని అడిగి తీసే అలవాటు ఏ స్టుడియోకైనా ఉంటుందా? ఆ మాట ఆమెతో అనలేదు, అనగలిగే ధైర్యం మా వంశంలో ఎవరికీ లేదు.

నా మీద కోపం ఒక పండగతో పోయింది. కొడుకుతో మాత్రం మాటలు ఆపేసింది. మా అక్క మాటలు ఆపడం అందరి మాదిరి కాదు. వాడు సెలవు మీద వస్తే నాటుకోడి కోసి వండుతుంది, తలంటు పోస్తుంది, అన్నం కంచం వాడి ముందరే పెట్టి బర్రె వైపు తిరిగి, అన్నం చల్లారిపోతాంది అంటుంది. వాడు కూడా బర్రెకే జవాబు చెప్పేవాడు. చూసేవాళ్లకు నవ్వొచ్చేది. వాడు తిరిగి బస్సెక్కేటప్పుడు మాత్రం ఆమె ఇంట్లోనుంచి బయటికి వచ్చేది కాదు, వాడు సందు మలుపు దాకా వెనక్కి చూస్తూ పోయేవాడు, అప్పుడు ఎవరికీ నవ్వొచ్చేది కాదు. అట్లా ఏళ్లు గడిచాయి. వాడు రాత్రిపూట నాకు ఫోన్ చేసి, అమ్మ ఎట్లుంది మామా అని అడిగేవాడు. ఆమె మా ఇంటికొచ్చినప్పుడు నా భార్యను పక్కకు పిలిచి, వాడు ఫోన్ చేస్తాండాడా అని అడిగేది. మధ్యలో మేము.

రాష్ట్రం విడిపోయిన తర్వాత కొన్నేళ్లకు సంగతి ఇది. మేనల్లుడు ఒకరోజు సంతోషంగా ఫోన్ చేశాడు. యలహంక ప్రదర్శనలో తమ హెలికాప్టర్లు ఎగురుతాయని, తలుపు దగ్గర కూర్చుని తాళ్లు దింపే పని తనదని, అమ్మను ఎట్లాగైనా పిలుచుకొని రమ్మని. అమ్మ ఒక్కసారి నన్ను నా పనిలో చూస్తే సాలు మామా, అన్నాడు. నేను వేములకు పోయి అడిగాను. ఆమె చీనీ చెట్ల కింద గడ్డి కోస్తూ, గాల్లో తిరిగేవాళ్లను చూసేదానికి నేనెందుకు, కోళ్లకు గింజలెవరేస్తారు అనింది. ఇంకొకసారి అడిగితే కొడవలి పక్కన పెట్టి నా వైపు చూసింది, నేను లేచి వచ్చేశాను. ఆమె రాకపోతే ఆమె దగ్గరికే ఫోటో తీసుకుపోదామని, వాడి మొహం పెద్దగా, స్పష్టంగా పడేటట్టు తీసి ఆమె చేతిలో పెడితే ఆ మొహం చూసైనా నోరు తెరుస్తుందని నేను గట్టిగా అనుకున్నాను. ఆ తల్లీకొడుకుల మాట నా లెన్స్ మీద ఆధారపడి ఉందని నమ్మేశాను.

నమ్మకమైతే ఉంది గాని లెన్స్ లేదు. నా దగ్గరున్నవన్నీ పెళ్లి లెన్సులు, మంటపం మీద పదడుగుల దూరంలో మనిషిని నిలువునా పట్టేవి. వాటితో హెలికాప్టర్ తీస్తే ఆకాశం పడుతుంది. నా స్టుడియో పక్కన గడియారాలు బాగుచేసే భాయ్ ఉండేవాడు. వాళ్ల తమ్ముడు కువైట్‌లో పనిచేసి వస్తూ ఒక పొడుగు లెన్స్ తెచ్చుకున్నాడు, నూటయాభై నుంచి ఆరువందల దాకా సాగేది. పిట్టలను తీస్తానని తెచ్చుకుని, తీయడానికి తీరిక లేక బీరువాలో పెట్టాడు. భాయ్ దాన్ని గుడ్డలో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టి, రెండు చేతులూ నా చేతుల కింద పెట్టి మరీ అప్పజెప్పాడు.

“చూడప్పా, ఇది బరువు శానా ఉంటాది. దీన్ని పట్టుకొని పరిగెత్తొద్దు, నువ్వు నిలబడు, అదే వస్తాది,” అన్నాడు. ఆయన గడియారాలకు చెప్పే మాటే నాకూ చెప్పాడనిపించింది.

అలవాటు చేసుకోవడానికి గండికోటకు పోయాను. కోట అంచున నిలబడితే లోయ కింద పెన్నమ్మ పారుతుంటుంది, లోయ మీద తిరిగే గద్దలు మన కంటికి సమానంగా వస్తాయి. పిట్టను తల ఎత్తకుండా తీయగలిగే చోటు మన జిల్లాలో ఇంకొకటి నాకు తెలియదు. మొదటి రోజు ఒక్క గద్ద కూడా దొరకలేదు. ఆరువందల దగ్గర పెట్టి చూస్తే రాయి కనపడేది, ఇంకో రాయి కనపడేది, నా వెనకాల మిరపకాయ బజ్జీలు తింటున్న కుర్రాళ్లు నవ్వడం మాత్రం బాగా వినపడేది. రెండో రోజుకు కిటుకు తెలిసింది. ముందు తక్కువ అంకె దగ్గర పెట్టి పిట్టను పట్టుకోవాలి, పట్టుకున్నాక నిదానంగా సాగదీయాలి. రెండో కన్ను మూయకూడదు. కాళ్లు కదలకుండా నడుము మాత్రం తిరగాలి. అక్షింతలు వేసే చేతుల వెంబడి తిరిగిన నడుమే కాబట్టి అది తొందరగానే వచ్చింది.

ప్రదర్శన నాడు పులివెందుల, కదిరి మీదుగా పోయే బస్సులో పోయి యలహంకలో దిగాను. కొత్త కెమెరాకు పొడుగు లెన్స్ తగిలించి ఒళ్లో పెట్టుకున్నాను, పాత కెమెరాకు పెళ్లి లెన్స్ తగిలించి మెడలో వేసుకున్నాను. ఆ రెండోది ఎందుకంటే చెప్పలేను. అది లేకుండా ఇంట్లోనుంచి బయటికి పోతే చెప్పులు మరిచిపోయినట్టు ఉండేది. ఎండ, జనం, నీళ్ల సీసాలు. జెట్ విమానం వచ్చినప్పుడల్లా ముందు అది కనపడేది, తర్వాత చప్పుడు కడుపులో తెలిసేది. వాటిని నేను పెద్దగా తీయలేదు. మావాడు చెప్పింది మనసులో పెట్టుకున్నాను: మూడు హెలికాప్టర్లు వస్తాయి, చివరిది మాది, తలుపు తీసే ఉంటుంది.

వచ్చాయి. మూడూ వరసగా, తక్కువ ఎత్తులో, ఎండ పక్కనుంచి పడుతూ, దుమ్ము కూడా బంగారు రంగులో లేచి, ఇంతకన్నా మంచి ఫోటో నాకు నా జన్మలో ఎదురుపడలేదు. నూటయాభై దగ్గర మూడూ చక్కగా ఇమిడాయి. షట్టర్ కూడా సరిగ్గా తగ్గించి పెట్టుకున్నాను. అంతా సిద్ధం, నా వేలు మాత్రం కదలలేదు. మూడు. అక్క ఇంట్లో గోడకు తగిలించాల్సిన ఫోటోలో, ఆమె కొడుకు ఉన్న ఫోటోలో, మూడు. నాలుగోది ఏదైనా వస్తుందేమో అని పక్కలకు చూశాను, చెప్పుకుంటే సిగ్గుచేటు గాని నిజంగానే చూశాను, మంటపం మీద వంటాయన కోసం చూసినట్టు. నేను చూసేలోపల అవి దాటిపోయాయి. నా పక్కనున్న బెంగళూరాయన కెమెరా టకటకమని కొట్టుకుంటూనే ఉంది. ఆయనకు వాళ్ల ఊళ్లో మూడుతో పేచీ లేదు కాబోలు.

అదృష్టం, అవి తిరిగి వచ్చాయి. ఈసారి ఒకటొకటిగా, మధ్య ఎడం ఇచ్చి. మొదటి రెండింటినీ వదిలేశాను. చివరిదాన్ని తక్కువ అంకె దగ్గర పట్టుకుని, నడుము తిప్పుతూ, ఆరువందలకు సాగదీశాను. తీసి ఉన్న తలుపు, అందులో కాళ్లు మడుచుకుని కూర్చున్న మావాడు, నెత్తిన హెల్మెట్, పళ్లన్నీ బయటపెట్టి నవ్వు. నొక్కాను. పైన రెక్క తిరుగుతున్నట్టే పడింది, కింద వాడి మొహం కదలకుండా పడింది. భాయ్ చెప్పినట్టు నేను నిలబడ్డాను, అదే వచ్చింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, చొక్కాతో తుడుచుకుని మళ్లీ చూశాను, నిజంగా వాడే.

పని అయిపోయిందనుకున్నాను. మూడు హెలికాప్టర్లూ పైకి లేచి, చాలా పైకి పోయి, ఎండలోకి తిరిగాయి. పొడుగు లెన్స్ మోసి చేతులు లాగేస్తున్నాయి, దాన్ని సంచిలో పెట్టేశాను. ఊరికే, పోయేవాళ్లను గడప దాకా సాగనంపినట్టు, మెడలోని పాత కెమెరా ఎత్తి చూశాను. కింద జనం తలలు, పైన బోలెడంత ఖాళీ ఆకాశం, అందులో మూడు చుక్కలు. మళ్లీ మూడే. కెమెరా దించబోతుంటే యలహంక గద్ద ఒకటి రెక్కలు చాచుకుని తీరిగ్గా ఆ ఖాళీలోకి వచ్చింది. నాలుగు. నొక్కేశాను.

ఇంటికొచ్చి మావాడి మొహం ఉన్నదాన్ని పెద్ద సైజు వేయించి, బంగారు అంచు ఫ్రేమ్ కట్టించాను. గద్ద ఉన్నది పోస్టుకార్డంత వేసి, ఎందుకైనా మంచిదని చొక్కా జేబులో పెట్టుకున్నాను. వేములకు పోయేసరికి అక్క అరుగు మీద కూర్చుని చింతపండు కొడుతోంది. పక్కన గింజల కుప్ప. చేతులకు జిగురు కాబట్టి ఫ్రేమ్‌ను నేనే ఎత్తి పట్టుకున్నాను. ఆమె చాలాసేపు చూసింది.

“బాగనే ఉండాడు. ట్రాక్టర్ ఇంజను మీద కూచ్చున్నట్ల కూచ్చున్నాడు,” అని మళ్లీ రాయి ఎత్తి చింతకాయ మీద వేసింది.

అంతే. ఇంకొక మాట లేదు. కొడుకు నవ్వుతున్నాడు, సుఖంగా ఉన్నాడు, తను లేకపోయినా బాగానే ఉన్నాడు, ఆ ఫోటో ఆమెకు చెప్పింది ఇదే కాబోలు. నాకు ఏడుపొక్కటే తక్కువ. గండికోట ఎండలో నిలబడింది, భాయ్‌ని బతిమాలింది, నడుము తిప్పింది, అంతా చింతగింజల్లో కలిసిపోయింది. ఫ్రేమ్‌ను గోడకు ఆనించి, చెమట తుడుచుకుందామని వంగితే జేబులోని చిన్న ఫోటో జారి ఆమె ముందర పడింది.

“ఇవేంది, ఈగలా?” అనింది.

హెలికాప్టర్లక్కా, ఈ చివరిది మనవానిది అని వేలుపెట్టి చూపించాను. ఆమె చేతులు కొంగుకు రుద్దుకుని ఫోటోను వేళ్ల కొసలతో ఎత్తి కంటి దగ్గరికి పెట్టుకుంది.

“మరి ఇది గద్ద గదరా.”

అవునన్నాను. కోళ్లు పెంచే మనిషికి గద్దను చూపించి చెప్పాల్సిన పని లేదు. నేల మీద నీడ చూసి కోడిపిల్లలను గంప కింద తోసేది, పైకి చూడకుండానే ఎంత ఎత్తులో ఉందో చెప్పేది. ఇప్పుడు ఆ గద్దను, దాని పక్కన చుక్కను, మళ్లీ గద్దను చూసింది.

“గద్ద ఇంత లావుంది. వాడు చీమంత కూడా లేడే. గద్ద కంటే పైనుండాడా?”

శానా పైన అన్నాను. ఆమె ఫోటోను కింద పెట్టలేదు. కోళ్లు వచ్చి చింతగింజలు కెలుకుతుంటే కూడా తోలలేదు. కాసేపటికి నా వైపు చూడకుండా, “ఆ పెద్ద ఫోటోలో వాడు మన అరుగు మీద కూచ్చున్నట్లే ఉండాడు. అట్లుండే వానితో ఎన్నేండ్లన్నా పంతం పట్టొచ్చు. ఇంత పైనుండే వానితో ఎట్ల పడతాంరా?” అనింది. తర్వాత, “ఫోన్ చెయ్ వానికి. దిగినాడో లేదో కనుక్కో,” అనింది.

ఆ ఫోటో తీసి వారం దాటింది. ఆ సంగతి చెప్పబోయి, జన్మలో ఒక్కసారి తెలివిగా నోరు మూసుకున్నాను. ఫోన్ కలిపి, ఆమె చేతులకు జిగురు కాబట్టి నేనే ఆమె చెవి దగ్గర పట్టుకున్నాను.

“దిగినావా?” అని అడిగింది.

అవతలనుంచి సన్నగా, “దిగినా అమ్మా,” అని వినపడింది. ఆ తర్వాత ఆమె తిన్నావా అని అడిగింది, ఏం తిన్నావని అడిగింది, ఆ హెల్మెట్ నెత్తికి బిగుతుగా లేదా అని అడిగింది, ఆ తలుపుకు గొళ్లెం లేదా అని తిట్టింది. నా చెయ్యి నొప్పి పుట్టేదాకా ఆ ఫోన్ పట్టుకునే ఉన్నాను.

అప్పటినుంచి అది వాళ్లకు వాడుకైపోయింది. ఎగిరిన రోజు, దిగినాక, వాడు ముందు అమ్మకు ఫోన్ చేసి ఆ ఒక్క మాట చెప్పేవాడు. చిన్న ఫోటో అక్క ఇంట్లో దేవుని పటాల పక్కన ఉండేది. ఫ్రేమ్ కట్టించిన పెద్దదాన్ని నన్నే తీసుకుపొమ్మంది.

ఇప్పుడు స్టుడియో లేదు, ఆ గదిలో ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. పెళ్లిళ్లలో ముగ్గురు నిలబడి సెల్ఫీ దిగుతారు, నాలుగో మనిషి కోసం వంటాయనను ఎవరూ పిలవరు, పాదాలు పడ్డాయా అని ఎవరూ చూడరు. ఎవరికి ఏ ఫోటో ఇచ్చినా రెండు వేళ్లు పెట్టి సాగదీసి మొహం దగ్గరికి తెచ్చుకుంటారు, చుట్టూ ఉన్న ఆకాశాన్ని వేళ్లతో బయటికి తోసేస్తారు. చిన్నాయన మనవడికి చివరగా చెప్పింది ఒకటే, పొడుగుది కొనుక్కోప్పా, కాని చిన్నది కూడా మెడలో వేసుకొని పో. వాడు సరే అన్నాడు గాని వేసుకుపోడు.

అక్క పోయి రెండేళ్లయింది. కర్మల నాడు మేనల్లుడు ఆ చిన్న ఫోటో తెచ్చి నా చేతిలో పెట్టాడు. వాడింకా ఉద్యోగంలోనే ఉన్నాడు, ఇంకా ఎగురుతున్నాడు. కొన్ని సాయంత్రాలు నా ఫోన్ మోగుతుంది. “దిగినా మామా,” అంటాడు. సరేప్పా అంటాను. ఆ తర్వాత ఇద్దరికీ ఏం మాట్లాడాలో తోచదు. అక్క అయితే అక్కడినుంచే మొదలుపెట్టేది.